చెక్క ఒళ్లు... ఉక్కు పట్టాలు!

సికింద్రాబాద్ స్టేషన్ గురించి ఆ ఊరి పాతకాపుల్ని కదిపి చూడండి. 'అదే స్టేషన్, కాస్త కొత్తగా కడుతున్నారు' అనేవాళ్లు కొందరుంటారు. 'ఇంకెక్కడి స్టేషన్... పోయిందిగా!' అనేవాళ్లూ ఉంటారు. ఇద్దరిదీ నిజమే. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. 2025 ఫిబ్రవరిలో ముందున్న తోరణాల భవనాన్ని కూల్చేశారు. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని చదువులకు, ఎన్ని బదిలీలకు జనం ఆ తోరణాల కింద నుంచి బయల్దేరారో! పట్టాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. రైళ్లు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. మరి స్టేషన్ ఉన్నట్టా, పోయినట్టా?

ఈ ఊరికి ఇలాంటి మీమాంస కొత్తేం కాదు. బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్‌ల మీదుగా మన్మాడ్ వెళ్లే దారి నిజాం కాలం నుంచీ మీటర్‌గేజ్. రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక్క మీటరు. దేశంలోని గేజ్‌లన్నిటినీ ఒకటి చెయ్యాలని 1992లో రైల్వే శాఖ 'యూనిగేజ్' ప్రాజెక్టు మొదలుపెట్టాక ఆ దారి కూడా అంచెలంచెలుగా 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ అయిపోయింది. ఊళ్లు అవే, దారి అదే. కానీ ఆ చిన్నబండి కుదుపు, ఆ ఇరుకు పెట్టెలు, ఆ చప్పుడు మాత్రం లేవు. రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లకు ఈ తేడా ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఇలాంటి మార్పిడినే కంచెకి అవతల నిలబడి, నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి కళ్లార్పకుండా చూసే మనుషులు ఉన్నారు. చూసేది రైలు మార్గాన్ని కాదు... రోలర్‌కోస్టర్‌ని! నవ్వొస్తోందా? వెర్రి వెయ్యి విధాలన్నారు కాబట్టి నవ్వుకోవచ్చు. కానీ ఆ వెర్రి వెనకున్న సంగతి తెలుసుకుంటే సికింద్రాబాద్ వాళ్లకు అది మరీ పరాయిదిగా అనిపించదు.

డాలస్ దగ్గర ఒక దిగ్గజం

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, డాలస్ ప్రాంతం. అర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో... ఈ పేర్లు ఇప్పుడు మన మారేడ్‌పల్లి, తార్నాక పేర్లంత మామూలైపోయాయి. వీధికొక ఇంట్లోనైనా 'మావాడు డాలస్‌లో' అనే మాట వినిపిస్తుంది. వేసవిలో ఆర్నెల్ల కోసం అక్కడికి వెళ్లిన అమ్మానాన్నల్ని పిల్లలు తిప్పి చూపించేవాటిలో ఆర్లింగ్టన్‌లోని 'సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్' ఒకటి. 1961లో తెరిచిన వినోదాల పార్కు అది. మనవడు పరిగెడుతుంటే, చీర మీద బూట్లు వేసుకున్న బామ్మ నీళ్లసీసా పట్టుకుని వెనకాలే నడవడం అక్కడ అరుదైన దృశ్యమేం కాదు. ఆ బామ్మ బెంచీ మీద కూర్చుని తలెత్తితే కనిపిస్తుంది... అడవినంతా నరికి నిలబెట్టినట్టుండే ఒక చెక్క కొండ. దాని మీద మెలికలు తిరుగుతున్న ఉక్కు పట్టా.

ఆ చెక్క ఒకప్పటిది. పట్టా తరవాత వచ్చింది.

1990లో అక్కడ 'టెక్సస్ జెయింట్' పేరుతో చెక్క రోలర్‌కోస్టర్ కట్టారు. ఎత్తు 143 అడుగులు. మొదలైనప్పుడు ప్రపంచంలోని చెక్క కోస్టర్లలోకెల్లా అదే ఎత్తయింది. గంటకి వంద కిలోమీటర్ల వేగం. 1998, 1999ల్లో వినోదరంగ పత్రిక 'అమ్యూజ్‌మెంట్ టుడే' నిర్వహించిన ఎంపికల్లో ప్రపంచంలోనే అత్యుత్తమ చెక్క కోస్టర్‌గా నిలిచింది. పదేళ్లు తిరిగేసరికి కథ మారింది. దిగినవాళ్లు నడుం పట్టుకుని దిగడం మొదలైంది. 'భలే ఉంది' అన్న నోళ్లే 'అమ్మో, ఎముకలు కదిలిపోయాయి' అనసాగాయి.

ఎందుకలా అవుతుందో తెలియాలంటే చెక్క కోస్టర్ ఎలా ఉంటుందో కాస్త చూడాలి.

సుత్తి చప్పుడు వినేవాళ్లు

చెక్క కోస్టర్ అంటే కింద నిలబెట్టిన దూలాలు మాత్రమే చెక్కవి అనుకుంటాం. కాదు. పట్టా కూడా చెక్కదే. ఒకదానిమీద ఒకటిగా ఏడెనిమిది పొరల పలకలు పేర్చి, మేకులతో, బోల్టులతో బిగిస్తారు. చక్రం ఆనేచోట మాత్రం పైన సన్నటి ఉక్కు పట్టీ పరుస్తారు. రైలు పైకి ఎగిరిపోకుండా పట్టాకి కింది వైపు నుంచి కూడా చక్రాలు పట్టుకుని ఉంటాయి. ఆ కింది చక్రాల ఏర్పాటుకు 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్నాడు. అవి వచ్చాకే 1920లలో కోస్టర్లు నిజంగా భయపెట్టడం నేర్చుకున్నాయి.

చెక్క బతికున్నట్టే ప్రవర్తిస్తుంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. రైలు పోతున్న ప్రతిసారీ ఆ కట్టడమంతా అటూ ఇటూ ఊగుతుంది. ఊగకపోతే విరుగుతుంది కాబట్టి ఊగేలాగే కడతారు. ఎక్కినవాళ్లకు ఆ ఊగులాటలోనే సగం సరదా. కానీ టన్నుల బరువున్న రైలు రోజుకి వందలసార్లు అదే మలుపులో అదే పలకని గుద్దుతుంటే మేకు వదులవుతుంది, పలక అరుగుతుంది, పట్టాలో గుంటలు పడతాయి. ఆ గుంటలే మన నడుముల్ని పలకరిస్తాయి. అందుకే చెక్క కోస్టర్ ఉన్న పార్కుల్లో తలుపులు తెరవకముందే వడ్రంగులు పట్టా వెంబడి నడుస్తారు. ఎక్కడ వదులైందో చూసి బిగిస్తారు, అరిగిన పలకని మారుస్తారు. మన రైల్వేలో కీమ్యాన్ భుజాన సుత్తి వేసుకుని తెల్లారకముందే పట్టాలెంట నడవడం లేదూ... అచ్చం అదే ఉద్యోగం. ఒక్క తేడా. మన కీమ్యాన్ నేలమీద నడుస్తాడు, వాళ్లు పధ్నాలుగంతస్తుల ఎత్తున నడుస్తారు.

ఈ మరమ్మతుకు అంతూ పొంతూ ఉండదు, ఖర్చు ఆగదు. దాంతో పాతబడిన చెక్క కోస్టర్ దగ్గరికొచ్చేసరికి పార్కు యజమానులకు చాన్నాళ్లు రెండే దారులుండేవి. డబ్బు పోస్తూ ఉండటం, లేదంటే బుల్‌డోజర్‌ని పిలవడం.

మూడో దారి ఐడహో రాష్ట్రం నుంచి వచ్చింది. అక్కడ 2001లో ఫ్రెడ్ గ్రబ్ స్థాపించిన 'రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్' అనే కంపెనీ, ఇంజినీర్ అలన్ షిల్కీ కలిసి ఒక కొత్తరకం పట్టా తయారుచేశారు. ఇంగ్లిషు 'ఐ' అక్షరం ఆకారంలో ఉక్కు పలకల్ని కోసి అతికించిన పట్టా అది. చెక్క కోస్టర్ మీదున్న పలకల దొంతరని ఊడబీకి, అదే దూలాల మీద ఈ ఉక్కు పట్టాని కూర్చోబెడతారు. కింద ఒళ్లు చెక్క, పైన దారి ఉక్కు. గుంటలు పడవు. పైగా ఉక్కుని ఎలాగంటే అలా మెలిపెట్టొచ్చు కాబట్టి, చెక్కతో కలలో కూడా సాధ్యంకాని వంపులు పెట్టొచ్చు.

ఆ పట్టా మొదటిసారి పరిచింది టెక్సస్ జెయింట్ మీదే. 2009 నవంబరు 1న పాత కోస్టర్ ఆఖరిసారి తిరిగింది. సుమారు కోటి డాలర్ల ఖర్చుతో, 2011 ఏప్రిల్ 22న 'న్యూ టెక్సస్ జెయింట్' మొదలైంది. ఎత్తు 153 అడుగులకు పెరిగింది. పొడవు 4,920 అడుగుల నుంచి 4,200కి తగ్గింది. పాతదానిలో ఏటవాలుగా జారిన రైలు ఇప్పుడు దాదాపు నిట్టనిలువుగా, 79 డిగ్రీల కోణంలో పడటం మొదలుపెట్టింది. పెట్టెలకి 1961 నాటి కాడిలాక్ కారు ముఖాలు తగిలించారు. పార్కు పుట్టిన ఏడాది గుర్తుగా అన్నమాట.

జనం ఊగిపోయారు. మిగతా పార్కులవాళ్లు గబగబా లెక్కలేసుకున్నారు. ఆ తరవాత ఈ కంపెనీ మెక్సికో, జపాన్, నెదర్లాండ్స్‌తో కలిపి డజనుకు పైగా పాత చెక్క కోస్టర్లని ఇలాగే మార్చింది.

కంచె అవతల కాపలా

ఇప్పుడొద్దాం మన అసలు కథానాయకుల దగ్గరికి.

'అమెరికన్ కోస్టర్ ఎంథూసియాస్ట్స్' అని ఒక సంఘం ఉంది. 1978లో మొదలైంది. కోస్టర్లెక్కడం వాళ్ల సరదా, పాత కోస్టర్లని కాపాడుకోవడం వాళ్ల ఆశయాల్లో ఒకటి. సంఘంలో ఉన్నా లేకపోయినా ఈ పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. డువేన్ మార్డెన్ అనే ఆయన 1996లో ప్రపంచంలోని కోస్టర్ల వివరాలన్నీ ఒకచోట చేర్చడం మొదలుపెట్టాడు. ఎత్తు, పొడవు, పుట్టినతేదీ, పోయినతేదీ... జాతకాల పుస్తకంలా ఉంటుంది.

పాత కోస్టర్ మూతపడుతుందని తెలియగానే వీళ్లలో చలనం వస్తుంది. ఆఖరిరోజు ఆఖరి రైలెక్కడానికి వందల మైళ్లు కారు నడుపుకుంటూ వస్తారు. ఆ మర్నాటి నుంచి కాపలా మొదలు. కార్లు పెట్టే స్థలంలో ఎక్కడ నిలబడితే ఏ మలుపు కనిపిస్తుందో వాళ్లకి కంఠతా. పార్కులో పక్కనున్న ఎత్తయిన రైడ్ ఎక్కేదే పైనుంచి పని ఎంతవరకొచ్చిందో ఫొటో తీయడానికి. లారీ మీద వచ్చిన పట్టా ముక్క వంపుని బట్టి 'ఇది తలకిందులయ్యే చోటుది' అని తేల్చేస్తారు. ఆ రంగేమిటి, ఆ గుంజ పక్కన కొత్తగా పోసిన సిమెంటు దిమ్మ దేనికి, నిన్న ఉన్న దూలం ఇవాళ ఏమైంది... మన వీధిలో ఇల్లు కడుతుంటే ఎదురింటి తాతగారు అరుగుమీంచి చూస్తూ మేస్త్రీకన్నా బాగా లెక్క చెబుతాడే, ఆ బాపతు.

ఒహాయోలోని సీడర్ పాయింట్ పార్కులో జరిగింది వీళ్ల చరిత్రలో ఒక పండగ. అక్కడ 1991లో కట్టిన 'మీన్ స్ట్రీక్' అనే 161 అడుగుల చెక్క కోస్టర్ 2016 సెప్టెంబరులో మూతపడింది. ఎందుకు మూశారో, ఏం చేస్తారో పార్కు చెప్పలేదు. చెప్పకపోతేనేం... కళ్లున్నాయిగా! అంత పెద్ద కట్టడాన్ని జేబురుమాలు కింద దాచలేరు. కొత్త పట్టా పైకి లేస్తోంది, ఎత్తు పెరుగుతోంది, బయట నిలబడ్డవాళ్లు ఒక్కో ముక్కనీ లెక్కపెడుతూనే ఉన్నారు. పార్కు మాత్రం ఏమీ ఎరగనట్టు నోరు మెదపకుండా ఊరిస్తూ పోయింది. 2017 ఆగస్టులో పేరు ప్రకటించేనాటికి అది ఏమిటో అభిమానులకు ఎప్పుడో తెలుసు. 2018 మేలో 'స్టీల్ వెంజెన్స్' వచ్చింది. ఎత్తు 205 అడుగులు, వేగం గంటకి 119 కిలోమీటర్లు, నాలుగు చోట్ల తలకిందులు. సీటు మీంచి ఒళ్లు గాల్లోకి లేచే క్షణాల్ని వాళ్లు 'ఎయిర్‌టైమ్' అంటారు. ఒక్క రైడ్‌లో అది మొత్తం 27.2 సెకన్లని పార్కు లెక్కకట్టి మరీ చెప్పింది. మొదటిరోజే ఒక రైలు స్టేషన్‌లో ఆగి ఉన్న ఇంకో రైలుకి మెల్లగా తగలడంతో కొన్నాళ్లు ఒకే రైలుతో నెట్టుకొచ్చారు. పెళ్లిలో చిన్న అపశ్రుతి లేకపోతే ఎలా!

పండగలే కాదు, గుండె గుభేల్మన్న రోజులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1978 నాటి 'కొలోసస్' జంట కోస్టర్‌ని మార్చడానికి విప్పుతుండగా, 2014 సెప్టెంబరులో మంటలంటుకున్నాయి. రైలుని పైకి లాగే గుట్ట కొన కాలి కూలిపోయింది. ఆ పొగ చూసినవాళ్లు ఇక కథ ముగిసిందనే అనుకున్నారు. మరుసటి ఏడాది వేసవి మొదట్లోనే అది 'ట్విస్టెడ్ కొలోసస్'గా లేచి నిలబడింది.

ఓపికకు పరీక్ష పెట్టింది మాత్రం ఫ్లోరిడాలోని టాంపా. 2025 జులైలో 'నాట్స్' తెలుగు సంబరాలు జరిగిన ఊరే. అక్కడి బుష్ గార్డెన్స్ పార్కులో 1999 నాటి 'గ్వాజీ' చెక్క కోస్టర్ 2015 ఫిబ్రవరిలో ఆగిపోయింది. నాలుగేళ్లపాటు తుప్పూ తీగలూ. తరవాత మార్పిడి మొదలై, 2020లో తెరుస్తామన్నారు. ఇంతలో కరోనా. పట్టా సిద్ధంగా ఉంది, ఎక్కే వీలు లేదు. విందు వడ్డించి విస్తరి ముందు కూర్చోబెట్టి 'ఆగండి' అన్నట్టు! చివరికి 2022 మార్చి 11న 'ఐరన్ గ్వాజీ' కదిలింది. పాతదాని ఆఖరి పరుగుకీ కొత్తదాని తొలి పరుగుకీ మధ్య ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో ఆ చెక్క గుట్ట ఎలా మారుతూ వచ్చిందో ఎవరికైనా చూడాలనిపిస్తే, కంచె అవతల నుంచి ఈ పిచ్చివాళ్లు తీసిన ఫొటోలున్నాయి.

ఇది ఒకటా, రెండా?

ఈ మార్పిళ్ల మీద అభిమానుల మధ్య ఒక తగువుంది. పైకి చిన్నపిల్లల తగువులా ఉంటుంది. వాళ్లు జీవితంలో ఎక్కిన కోస్టర్లని లెక్క రాసుకుంటారు. ఒక్కో కోస్టర్‌కి ఒక్కో అంకె. మరి 1995లో టెక్సస్ జెయింట్ ఎక్కినవాడు 2012లో న్యూ టెక్సస్ జెయింట్ ఎక్కితే... అది పాతదేనా, లెక్కలో ఇంకోటి కలిపేసుకోవచ్చా? పట్టా మారింది, రైలు మారింది, ఒంటికి తెలిసే అనుభవం మారింది కాబట్టి కొత్తదే అని చాలామంది కలిపేసుకుంటారు. మరి అవే దూలాలు కదా, అదే చోటు కదా అంటే, జవాబు తేలదు. సికింద్రాబాద్ స్టేషన్ ఉన్నట్టా పోయినట్టా అంటే తేలనట్టే.

తగువు ముదిరేది ఇంకో దగ్గర. చెక్క కోస్టర్ అంటేనే ఆ ఊగులాట, ఆ కడకడ శబ్దం, కాస్తంత గరుకుదనం. అవన్నీ తీసేసి నున్నటి ఉక్కు పెట్టేశాక బతికించామని ఎలా చెప్పుకుంటారంటారు పాతతరంవాళ్లు. కొయ్యగుర్రానికి ఇంజిన్ పెట్టి గుర్రాన్ని కాపాడామన్నట్టుంది అని వాళ్ల బాధ. 'మార్చకపోయుంటే ఇప్పుడక్కడ పార్కింగ్ స్థలం ఉండేది' అన్నది కొత్తతరం సమాధానం.

ఎవరి మాటలో బలముందో చూడ్డానికి ఒక పోలిక దొరుకుతుంది. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో 'సైక్లోన్' అనే చెక్క కోస్టర్ ఉంది. 1927లో మొదలైంది. దాని నమూనాలోనే 1976లో హ్యూస్టన్ ఆస్ట్రోవరల్డ్‌లో 'టెక్సస్ సైక్లోన్', 1990లో అట్లాంటాలోని సిక్స్ ఫ్లాగ్స్‌లో 'జార్జియా సైక్లోన్' వచ్చాయి. తల్లీ, ఇద్దరు కూతుళ్లూ అనుకోండి. ముగ్గురి తలరాతలూ మూడు రకాలు.

తల్లిని 1970ల్లో పడగొట్టి ఆ స్థలాన్ని పక్కనున్న చేపల ప్రదర్శనశాలకి ఇచ్చేద్దామనుకున్నారు. జనం ఊరుకోలేదు. సైక్లోన్‌ని కాపాడమని ఉద్యమమే నడిపారు. 1975లో బాగుచేసి మళ్లీ తిప్పడం మొదలుపెట్టారు. 1988లో న్యూయార్క్ నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. చెక్క పట్టా చెక్కపట్టాగానే ఉండిపోయింది. పెద్ద కూతురు టెక్సస్ సైక్లోన్‌కి ఆ భాగ్యం లేదు. 2005లో ఆస్ట్రోవరల్డ్ పార్కే మూతపడింది, మరుసటేడాది కోస్టర్‌ని నేలమట్టం చేశారు. అప్పటికి ఈ ఉక్కు పట్టా ఇంకా పుట్టలేదు. హ్యూస్టన్‌లో స్థిరపడిన పాతతరం తెలుగువాళ్లలో దాన్ని ఎక్కినవాళ్లుంటారు. ఇప్పుడు పిల్లలకి చూపిద్దామన్నా ఏమీ లేదు. చిన్నకూతురు జార్జియా సైక్లోన్ 2017లో ఆగింది. 2018లో అవే దూలాల మీద 'ట్విస్టెడ్ సైక్లోన్'గా తిరిగొచ్చింది. ఎత్తు వంద అడుగులు, మూడు చోట్ల తలకిందులు.

నన్నడిగితే, తల్లికి దక్కినది అన్నిటికన్నా మేలు. కానీ అలాంటి అదృష్టం నూటికొకటికి. దాని వెనక ఒక మహానగరం పట్టుదల ఉంది. పెన్సిల్వేనియాలోని 'లీప్ ద డిప్స్' కూడా అంతే. 1902లో కట్టింది, లోకంలో మిగిలిన కోస్టర్లలో అతిపాతది. 1985లో ఆగిపోతే, అభిమానులు విరాళాలు పోగుచేసుకుంటూ 1999 దాకా పోరాడితేగానీ మళ్లీ కదల్లేదు. పధ్నాలుగేళ్లు! ప్రతి పాత కోస్టర్‌కీ అన్నేళ్లు నిలబడే మనుషులు దొరుకుతారా? దొరకనప్పుడు పూర్తిగా పోవడంకన్నా సగం మిగలడం నయం. అయితే ఆ మిగిలినదాన్ని పాతదే అని చెప్పి అమ్మకూడదు. టెక్సస్‌వాళ్లు పేరు ముందు 'న్యూ' అని తగిలించడం నాకు అందుకే నచ్చింది.

ఒడిలోని కమ్మీ

అన్నీ సంబరాలే అని రాస్తే అబద్ధమవుతుంది. 2013 జులైలో న్యూ టెక్సస్ జెయింట్ మీంచి ఒక మహిళ కిందపడి చనిపోయారు. కుటుంబంతో సరదాగా వచ్చిన మనిషి. రైడ్‌ని వెంటనే ఆపేశారు. సెప్టెంబరులో మళ్లీ తెరిచేసరికి ఒడిలోకి దిగే కమ్మీల్ని మార్చారు, అదనంగా సీటు బెల్టులు పెట్టారు.

దిగ్గజం మార్పిడిలో అందరి కళ్లూ పట్టా మీదే ఉన్నాయి. ఎంత నిటారుగా పడుతుంది, ఎంతసేపు గాల్లో తేలుస్తుంది అని. మనిషిని గాల్లోకి లేపే కోస్టర్‌లో మనిషికీ గాలికీ మధ్య ఉండేది ఆ కమ్మీ ఒక్కటే. సన్నగా ఉన్నవాళ్లకి, లావుగా ఉన్నవాళ్లకి, పొట్టివాళ్లకి... ప్రతి ఒంటికీ అది సరిగ్గా ఆనాలి. ఆ తరవాత నుంచి అభిమానుల్లో కూడా కమ్మీల గురించిన చర్చ పెరిగింది. బెల్టు మరీ బిగుతుగా ఉంది, సరదా తగ్గిందని సణిగేవాళ్లు ఉన్నారు, లేకపోలేదు. సణగనీయండి.

మన దగ్గరకొస్తే, నాంపల్లి నుమాయిష్‌లో 2025 జనవరిలో ఒక రైడ్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఎక్కినవాళ్లు తలకిందులుగా వేలాడాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆ వీడియో చూసి 'అమ్మో' అనుకుని మర్చిపోయాం. ఏటా జనవరి ఒకటిన ఎగ్జిబిషన్ మొదలవుతుంది, పిల్లల చెయ్యి పట్టుకుని వెళ్తాం, టికెట్ కొంటాం, ఎక్కిస్తాం. ఈ రైడ్ పోయినేడు ఎక్కడుంది, ఎప్పుడు విప్పారు, ఎప్పుడు బిగించారు... ఎవరైనా అడిగారా? అమెరికాలో ఆ వెర్రివాళ్లు చేసే పని సగం ఇదే. వాళ్లకి జీతం లేదు, హోదా లేదు. ఒక దూలం మాయమైనా, ఒక బెల్టు మారినా వాళ్ల కంట పడకుండా పోదు. అధికారుల తనిఖీకి అది బదులు కాదు, నిజమే. కానీ చూసే కళ్లున్నాయని తెలిసినచోట పని చేసేవాడికి ఒళ్లు దగ్గర ఉంటుంది.

మన పిల్లలకీ ఆ జబ్బు తగులుకుంటున్న సూచనలున్నాయి. 2016లో రావిర్యాలలో వండర్‌లా తెరిచాక, ముందుకెళ్లి మళ్లీ అదే దారిలో వెనక్కొచ్చే 'రీకాయిల్' కోస్టర్ మీద ఒకటికి నాలుగుసార్లు ఎక్కే కుర్రాళ్లు కనిపిస్తారు. ఉక్కు కోస్టరే అది, ఇంకా కుర్రదే. మార్పిడి బాధలు దానికి ఇప్పుడిప్పుడే రావు. రైళ్ల విషయంలోనైతే మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. 'ఐఆర్‌ఎఫ్‌సీఏ' పేరుతో రైలు ప్రేమికులు చేరిన బృందం ఉంది. మీటర్‌గేజ్ ఇంజిన్లు, స్టేషన్ బోర్డులు, ఆఖరి బండ్లు... వాళ్ల కెమెరాలకు చిక్కబట్టే దేశంలో ఎన్నో మార్గాల పాతరూపాలు ఇవాళ మనకి కనిపిస్తున్నాయి. తోరణాల భవనం కూలుతున్నప్పుడు సికింద్రాబాద్‌లో ఫోన్ ఎత్తి ఫొటో తీసుకున్నవాళ్లు కూడా, తెలిసో తెలియకో, ఆ కులంవాళ్లే.

ఇక, ఈ వేసవిలో డాలస్ ప్రయాణం పెట్టుకున్న వాళ్లకి చిన్న చిట్కా. న్యూ టెక్సస్ జెయింట్ దగ్గర వరస పొడుగ్గా ఉందని నిరాశపడకండి. అదే పార్కులో 1980లో కట్టిన 'జడ్జ్ రాయ్ స్క్రీమ్' అనే తెల్లటి చెక్క కోస్టర్ కూడా ఉంది. ఎత్తు డెబ్భై అడుగులే. తలకిందులవడాలేం లేవు. దారిలో ఒక సొరంగం గుండా నడిచి వెళ్లాలి. ఒకే రోజు ముందు దీన్ని ఎక్కి, తరవాత దాన్ని ఎక్కి చూడండి. బామ్మగారిని ఎక్కించకపోయినా కింద నిలబెట్టి రెండిటి చప్పుడూ వినిపించండి. మీటర్‌గేజ్ బండెక్కిన మనిషి కదా, తేడా ఇట్టే చెప్పేస్తుంది.